పాత ఇంటికి ఏ బాయిలరు మేలు?

డిసెంబరు నెల సగం దాటిందంటే మా రావల్కోల్‌లో తెల్లవారుజామున తొట్టిలోని నీళ్లు చెయ్యి పెట్టనియ్యవు. హైదరాబాదు నడిబొడ్డున మేడల మధ్య ఉన్నవారికి ఈ చలి అంతగా తెలియదు. మేడ్చల్, శామీర్‌పేట వైపు పొలాలు, చెరువులు మొదలైన చోట గాలి వేరుగా ఉంటుంది. హైదరాబాదులోనే 1946 జనవరిలో 6.1 డిగ్రీల దాకా దిగినట్లు వాతావరణ శాఖ లెక్కల్లో ఉన్నది. అంత చలి ప్రతి యేడూ రాదు. అయితే పది, పన్నెండు డిగ్రీల ఉదయాలు మనకు కొత్త కాదు.

మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఆదివారం తలస్నానం చేయకుండా ఆరాధనకు రావటం ఆమెకు గిట్టదు. చన్నీళ్లు పోసుకుంటే మాత్రం ఆ రోజంతా మంచం దిగలేదు. గనుక మా ఇంట్లో వేడినీళ్లు సుఖానికి సంబంధించిన సంగతి కాదు. ఆమె నలుగురిలోకి నడిచి వస్తుందా, మంచం మీదనే ఉండిపోతుందా అన్నది ఆ రెండు బకెట్ల మీద ఆధారపడి ఉన్నది.

పోయిన చలికాలంలో మా సంఘములో నలుగురైదుగురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "అయ్యగారూ, గీజరు పెట్టించమంటారా, బాయిలరు కొనమంటారా?" వాక్యము విషయమై అడిగే ప్రశ్నలకంటే దీనికి జవాబు చెప్పటానికే నాకు ఎక్కువ కాలం పట్టింది. నేను చదివిన వేదాంత పాఠశాలలో ఇది నేర్పలేదు. మా ఇంట్లోనే మూడు పొరపాట్లు చేసి నేర్చుకున్నాను. ఆ పొరపాట్లతో సహా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మన పిల్లలు కొందరు నర్సులుగా ఇంగ్లండు వెళ్లారు. వారు ఫోనులో "మా ఇంట్లో బాయిలరు పాడైంది, ఇల్లంతా గడ్డకట్టిపోయింది" అంటే ఇక్కడి తల్లులకు అర్థం కాదు. అక్కడి బాయిలరు పని వేరు. అందులో కాగిన నీళ్లు గొట్టాల ద్వారా గదిగదికీ పోయి, గోడలకు బిగించిన ఇనుప పలకలను వేడి చేస్తాయి. దానితో గదులు వెచ్చబడతాయి. పల్లెటూళ్లలోని పాత ఇండ్లలో కట్టె, బొగ్గు రెండూ కాల్చగలిగిన బాయిలర్లు ఉన్నాయి. మనకు గదులు వేడి చేసే అవసరం లేదు. రెండు నెలలు దుప్పటి కప్పుకుంటే గడిచిపోతుంది. మనకు కావలసింది స్నానానికి నీళ్లు. అయినా ఆ దేశం నుండి మనం నేర్చుకోదగినది ఒకటున్నది, అది పొగ దగ్గర చెబుతాను.

మేముండే ఇల్లు గూన పెంకుల ఇల్లు. మట్టి గోడలు, టేకు దూలాలు, వెనుక పెరడు, పెరట్లో రేకుల సాయమాను. కరెంటు తీగలు చెక్క పట్టీల మీద వేసిన కాలంనాటివి. ఒక్కో గదికి ఒక బల్బు, ఒక ఫ్యాను ఉంటే చాలనుకున్న రోజుల్లో వేసిన తీగలవి. ఇటువంటి ఇంట్లో మొదట మేము తెచ్చింది రాడ్డు. అందరూ తెచ్చేదీ అదే. తక్కువ ధర, బకెట్టులో వేలాడదీస్తే ఇరవై నిమిషాల్లో నీళ్లు కాగుతాయి. ఒకనాడు మా అమ్మ, స్విచ్చి ఆపారనుకుని నీళ్లలో వేళ్లు పెట్టింది. బకెట్టు ప్లాస్టిక్‌ది, కాళ్లకు చెప్పులున్నాయి. గుంజి అవతల పడవేసింది గాని ప్రాణం దక్కింది. "గా రాడ్డు నా కండ్ల ముందల ఉంచకు బిడ్డా" అన్నది. ఆ సాయంత్రమే తీసివేశాను.

రాడ్డు వాడుతున్నవారు మన ఊళ్లలో ఇంకా వందల మంది ఉన్నారు. మీ ఇంట్లో మూడు కాళ్ల ప్లగ్గు ఉండవచ్చు. ఆ మూడో కాలికి వెనుక భూమిలోకి దిగిన తీగ ఉన్నదా? మా ఇంట్లో లేదు. గోడలో రంధ్రం ఉన్నది, తీగ లేదు. ఎలక్ట్రీషియనును పిలిచి చూపించేదాకా పదకొండేళ్లు నాకు ఆ సంగతి తెలియదు. రెండు వేల వాట్ల గీజరు పెడితే దాదాపు 9 ఆంపియర్ల కరెంటు పారుతుంది. చెక్క పట్టీల మీది సన్నని తీగలు ఆ భారాన్ని మోయలేవు, వేడెక్కి కాలిపోతాయి. గనుక పాత ఇంట్లో గీజరు పెట్టదలచినవారు గీజరు ధర ఒక్కటే చూడకూడదు. మీటరు దగ్గర నుండి స్నానాల గది దాకా విడిగా లావు తీగ, 16 ఆంపియర్ల సాకెట్టు, మంచి ఎర్తింగు, కరెంటు కారితే క్షణంలో ఆపివేసే ఆర్.సి.సి.బి. అనే స్విచ్చి, ఇవన్నీ కలిపి లెక్క వేయాలి. ఇవన్నీ పెట్టించగలిగితే గీజరు మంచి వస్తువే. దాన్ని నేను తప్పు పట్టను.

రెండవ పొరపాటు గ్యాసు గీజరు. ఇది చెప్పటానికి ఇప్పటికీ నాకు నోరు రాదు. గోడకు తగిలించే చిన్న పెట్టె, క్షణంలో వేడినీళ్లు. బిగించటానికి వచ్చినవాడు దాన్ని స్నానాల గది లోపలే బిగించి వెళ్లాడు. చలిగాలి వస్తున్నదని గది కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టింది నేనే. నాలుగవ రోజున మా చిన్నవాడు స్నానానికి వెళ్లి ఎంతకూ బయటకు రాలేదు. పిలిస్తే పలకలేదు. గొళ్లెం ఊడేదాకా తలుపు తన్నాను. వాడు నేలమీద పడి ఉన్నాడు. పెరట్లోకి లాక్కొచ్చి పడుకోబెడితే కాసేపటికి కళ్లు తెరిచాడు.

డాక్టరు చెప్పింది ఇది. మూసిన గదిలో మంట మండితే గాలిలోని ప్రాణవాయువు తగ్గిపోతుంది. అప్పుడు మంట నుండి కార్బన్ మోనాక్సైడు అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులో ప్రాణవాయువును మోసే పదార్థానికి అది ప్రాణవాయువుకంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. మనిషికి ఊపిరి ఆడుతున్నట్లే ఉంటుంది, లోపల మాత్రం ప్రాణవాయువు అందదు. కాళ్లు తేలిపోయి పడిపోతాడు. గ్యాసు గీజరును స్నానాల గది బయట, గాలి ఆడే గోడకు బిగించి, గొట్టం ద్వారా నీళ్లు మాత్రమే లోపలికి తెచ్చుకోవాలి. చలికి తాళలేక రాత్రిపూట బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు బిగించుకునేవారికి కూడా ఇదే అపాయం. బొగ్గు పొగ రాదు గనుక కుంపటి మంచిదనుకుంటారు. పొగ కనబడకపోవటమే దానిలోని మోసం. బాలింత ఉన్న ఇండ్లలో కుంపటి పెట్టటం మనకు అలవాటు. దయచేసి ఆ గది కిటికీ కొంచెమైనా తెరిచి ఉంచండి, నిద్రపోయే ముందు కుంపటిని బయట పెట్టండి.

సౌరశక్తి హీటరును గూర్చి కూడా ఆలోచించాం. నిజానికి మన దక్కనుకు అది బాగా సరిపోతుంది. చలికాలంలో మనకు మబ్బులు తక్కువ, ఎండ నిండుగా కాస్తుంది. స్లాబు ఇల్లు ఉన్నవారు ముందు దాన్ని గూర్చే ఆలోచించాలని నా అభిప్రాయం. మాది గూన పెంకు. వంద లీటర్ల తొట్టి అంటే నీళ్ల బరువే వంద కిలోలు. మా పాత దూలాల మీద ఆ బరువు పెట్టటానికి వడ్రంగి ఒప్పుకోలేదు. గోబర్ గ్యాసు అన్నారు కొందరు. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు సుమారు యాభై కిలోల పేడ కావాలి, అంటే నాలుగైదు పశువులు. మాకున్నది ఒక్క గేదె. పైగా చలి పెరిగేకొద్దీ గుంతలో గ్యాసు తయారవటం మందగిస్తుంది. మనకు వేడి కావలసిన రోజుల్లోనే అది తగ్గుతుంది. పాడి ఉన్న ఇంటికి వంటకు అది మేలే, స్నానానికి దాన్ని నమ్ముకోలేము.

చివరకు మా అమ్మ మొదటినుండీ అంటున్న దగ్గరికే వచ్చాం. "మీ తాత ఇంట్ల రాగి బాయిలరుండె. అండ్ల ఏదేస్తే అదే మండుతుండె."

రాగి బాయిలరును చూడనివారు ఈ తరంలో చాలామంది ఉన్నారు గనుక చెబుతాను. నిలువుగా ఉన్న డ్రమ్ము, దాని నడిమధ్య నుండి పైకి పోయే గొట్టం. అడుగున జల్లెడ, జల్లెడ కింద బూడిద పడే అర. మంట జల్లెడ మీద మండుతుంది, వేడిగాలి నడిమి గొట్టంలో నుండి పైకి పోతూ చుట్టూ ఉన్న నీళ్లను కాచుతుంది. పైన ఒక గరాటు ఉంటుంది, దాని కాడ నీళ్లలో అడుగుదాకా దిగి ఉంటుంది. గరాటులో చెంబుడు చన్నీళ్లు పోస్తే అవి అడుగుకు పోయి, పైన తేలే వేడినీళ్లను ముక్కులో నుండి బయటకు నెడతాయి. మీటరు, స్విచ్చి ఏమీ లేవు. చన్నీళ్లు బరువు, వేడినీళ్లు తేలిక అన్న ఒక్క సూత్రంతో అది పని చేస్తుంది.

పొదుపు ఎంత అన్నది నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. అయిదుగురు మనుషులు, ఒక్కొక్కరికి ఇరవై లీటర్ల బకెట్టు, అంటే వంద లీటర్లు. తొట్టిలో 20 డిగ్రీలున్న నీళ్లను 40 డిగ్రీలకు తేవాలంటే 2000 కిలో కేలరీల వేడి కావాలి. కరెంటుతో అయితే రెండున్నర యూనిట్ల లోపే. బాగా ఎండిన కట్టె కిలోకు సుమారు 3500 కిలో కేలరీలు ఇస్తుంది. మూడు రాళ్ల పొయ్యి మీద గంగాళం పెట్టి కాస్తే వేడిలో ఎక్కువ భాగం గాలిపాలు. ఎనిమిదో వంతు నీళ్లకు అందిందనుకుంటే నాలుగున్నర కిలోల కట్టె పోతుంది. బాయిలరులో మూడో వంతు అందిందనుకున్నా కిలోమ్ముప్పావుతో సరిపోతుంది. నెలకు ఎనభై కిలోల తేడా. కట్టెలు మోసేది ఎవరో ఆ ఇంటివారికి తెలుసు, ఆ ఎనభై కిలోల విలువా వారికే తెలుసు.

సికింద్రాబాదులో పాత్రల దుకాణాలు నాలుగు తిరిగాను. అక్కడ వినే మొదటి మాట, "రాగికి సాటి లేదండీ, స్టీలు వేడెక్కదు." ఇందులో సగమే నిజం. రాగి గుండా వేడి పాకటం స్టెయిన్‌లెస్ స్టీలుకంటే పాతిక రెట్లు ఎక్కువన్నది నిజమే. అయితే రేకు మందం మిల్లీమీటరు అటూ ఇటూ. అంత పలుచని గోడకు ఏ లోహమైనా పెద్ద తేడా రాదు. తేడా తెచ్చేది దాని మీద పేరుకునే మసి. వారానికోసారి నడిమి గొట్టాన్ని గీకి శుభ్రం చేసిన స్టీలు బాయిలరు, ఏడాది గీకని రాగి బాయిలరుకంటే త్వరగా నీళ్లు కాస్తుంది. రాగిలోని అసలు మేలు వేరు. చిల్లు పడితే అతుకు వేస్తారు, ముసలిదైతే బరువు తూచి కొంటారు. జింకు పూత ఇనుము మాత్రం మన బోరు నీళ్లకు నిలవదు.

బోరు నీళ్ల మాట వచ్చింది గనుక ఇదీ చెప్పాలి. మన వైపు బోరు నీళ్లలో సున్నపు పాలు ఎక్కువ. కాగినకొద్దీ లోపల తెల్లని పెళుసు కడుతుంది. అది వేడిని అడ్డుకుంటుంది, ముక్కును మూసివేస్తుంది. 2016లో గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చే ఇండ్లలో ఈ బెడద తక్కువ. బోరు నీళ్లే వాడేవారు రెండు మూడు నెలలకోసారి నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లు రాత్రంతా ఉంచి ఉదయం పారబోయాలి. కొనేటప్పుడే లోపలికి చెయ్యి పోయే మూత ఉన్నదా అని చూసుకోవాలి. నేను చూడలేదు. మాదానికి మూత చిన్నది, మా చిన్నవాడి చెయ్యి ఒక్కటే పడుతుంది, వాడు పెద్దవాడవుతున్నాడు.

పరిమాణం విషయమై దుకాణదారులు పెద్దదే అంటగడతారు. అయిదుగురికి 25 లీటర్లది చాలు. అందులో నీళ్లు 80 డిగ్రీలకు కాగితే, 50 లీటర్ల చన్నీళ్లు కలుపుకుని 75 లీటర్లు స్నానానికి తగినవి వస్తాయి. మధ్యలో గరాటులో పోస్తూ ఉంటే అయిదో బకెట్టూ నిండుతుంది. బకెట్టులో ఎప్పుడూ ముందు చన్నీళ్లు పోసి తరువాతనే ముక్కు కింద పెట్టాలి. పసిపిల్లలున్న ఇంట్లో ఈ క్రమం తప్పితే కాళ్లు బొబ్బలెక్కుతాయి. నీళ్లు లేకుండా మంట పెడితే అతుకులు కరిగిపోతాయి. ఆవిరి పోయే దారికి, ముక్కుకు, గుడ్డగాని బిరడాగాని ఎన్నడూ పెట్టకూడదు.

ఇక ఏమి కాల్చాలి? మా అమ్మ అన్నట్లు ఏదైనా మండుతుంది, కాని ఏదైనా కాల్చకూడదు. మొక్కజొన్న బెండ్లు అన్నిటికంటే సుఖం, త్వరగా అంటుకుంటాయి, పొగ తక్కువ. కంది కట్టె, పత్తి కట్టె రాజేయటానికి మంచివి గాని నిలువవు. తుమ్మ, సర్కారు తుమ్మ నిదానంగా, గట్టిగా మండుతాయి. మేడ్చల్ చుట్టూ ద్రాక్ష తోటలు ఎక్కువగా ఉన్న రోజుల్లో కత్తిరించిన తీగలు బండ్లకొద్దీ దొరికేవి, ఇప్పుడు ఆ తోటలు ఎక్కువభాగం ప్లాట్లయ్యాయి. పిడకలు మండుతాయి గాని బూడిద చాలా ఎక్కువ, పొగా ఎక్కువే. రంపపు పొట్టును నేరుగా వేస్తే జల్లెడ మూసుకుపోతుంది. సింగరేణి నేలబొగ్గు దొరికితే వేయవచ్చునా అని ఒకరు అడిగారు. వద్దు. ఆ బొగ్గుకు కింది నుండి గాలి ధారాళంగా తగలాలి, దాని మంట తీవ్రత పలుచని రాగికి, అతుకులకు మంచిది కాదు, దానిలోని గంధకపు పొగ అంతకన్నా చెడ్డది. కట్టె దీనికి భిన్నం. కొంచెం బూడిద పరుపు మీద, పైనుండి గాలి తగిలితే చక్కగా మండుతుంది. గనుక జల్లెడను రోజూ పూర్తిగా ఊడ్చివేయకండి. ప్లాస్టిక్ సంచులు, పాత చెప్పులు, టైరు ముక్కలు, రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ మాత్రం ముట్టుకోవద్దు. వాటి విషపు పొగ మొదట పీల్చేది మంట ముందు కూర్చున్న మనిషే.

కట్టెల కుప్పలో నుండి నేరుగా చేతితో లాగకండి. మెలితే ద్వీపంలో చలికి మంట వేసినప్పుడు పౌలు ఏరి తెచ్చిన పుల్లల్లో నుండి పాము వచ్చిన సంగతి అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయములో చదివాము. మా కుప్పలో తేళ్లు చాలాసార్లు కనబడ్డాయి.

ఇప్పుడు పొగ. ఇక్కడే నా మూడవ పొరపాటు. బాయిలరు తెచ్చి సాయమాను కింద, వంటింటి కిటికీ పక్కన పెట్టి గొప్పగా చూసుకున్నాను. నెల తిరిగేసరికి నా భార్యకు దగ్గు పట్టుకున్నది. రాత్రి నిద్ర లేదు. ఒకనాడు ఆమె అన్నది: "ఏమండీ, బాయిలరు మీరు కొన్నారు. నాలుగున్నరకు లేచి ఊదేది నేను కదా." నా దగ్గర జవాబు లేదు. 1980ల మొదట్లో కిర్క్ స్మిత్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు గుజరాత్ పల్లెల్లో వంట చేసే స్త్రీలకే చిన్న యంత్రాలు తగిలించి, వారు పీల్చే పొగను కొలిచి 1983లో ప్రకటించాడు. అప్పటిదాకా పొగ అంటే పట్టణాల ఫ్యాక్టరీలదే అనుకునేవారు. ఇంటి పొగవలన 2020లో లోకమంతటా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన ప్రభుత్వం 1983లో పొగలేని పొయ్యిల పథకం మొదలుపెట్టి 2002 వరకు నడిపింది. ఊరూరా పొయ్యిలు కట్టారు గాని, పొగ గొట్టం మసితో మూసుకుపోయిన తరువాత శుభ్రం చేసేవారు లేక ఎన్నో ఇండ్లలో పాత పొయ్యే తిరిగి వచ్చింది. 1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలతో వంటకు గ్యాసు వచ్చింది. వంట పొగ తగ్గింది. నీళ్ల పొయ్యి మాత్రం పెరట్లో అలాగే ఉన్నది, అది ఎవరి లెక్కలోకీ రాదు.

ఇంగ్లండు మాట ఇక్కడ చెప్పాలి. 1952 డిసెంబరులో లండనులో బొగ్గు పొగ, మంచు కలిసి అయిదు రోజులు పట్టణాన్ని కమ్మివేశాయి, వేల మంది చనిపోయారు. ఆ తరువాత 1956లో అక్కడ పొగను అదుపు చేసే చట్టం వచ్చింది. 2021 నుండి ఇండ్లలో కాల్చటానికి చిన్న మోపులుగా అమ్మే కట్టెలో తేమ నూటికి ఇరవై వంతులకు మించకూడదని నియమం పెట్టారు. ఇందులోనే మనకు పనికివచ్చే సంగతి ఉన్నది. పచ్చి కట్టెలో మంట మొదట నీళ్లను ఆవిరి చేయాలి, ఆ తరువాతనే వేడి ఇస్తుంది. ఆ మధ్యలో వచ్చేదే దగ్గు తెప్పించే పొగ. చలికాలానికి కావలసిన కట్టెను మార్చి, ఏప్రిల్ నెలల్లోనే చీల్చి, ఎండబెట్టి, వానలకు ముందే రేకుల కిందికి చేర్చాలి. రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమని మోగాలి, దబ్బుమంటే ఇంకా పచ్చిదే.

మేము బాయిలరును వంటింటి దగ్గర నుండి పెరటి చివరకు, గాలి ఇంటి వైపు కొట్టని మూలకు మార్చాం. దాని పైగొట్టానికి మరో ఆరడుగుల రేకు గొట్టం తగిలించి, సాయమాను రేకుకంటే పైకి లేపాం. గొట్టం ఎత్తు పెరిగితే గాలి గుంజుడు పెరుగుతుంది, ఊదే పని తప్పుతుంది. స్నానాల గదికి దూరం పెరిగింది, బకెట్లు మోయాలి. ఆ పని నేనూ, పెద్దవాడూ తీసుకున్నాం. నాలుగున్నరకు లేచి రాజేసేది ఇప్పుడు నేను. మొదటి వారం కనుబొమలు కాల్చుకున్నాను. నా భార్య దగ్గు ఫిబ్రవరి నాటికి తగ్గింది. కట్టె కొనుక్కుని బతికే ఇంటికి, ఊదటానికి ముసలివారు తప్ప ఎవరూ లేని ఇంటికి నేను ఈ బాయిలరు కొనమని చెప్పను. తీగలు మార్పించి గీజరు పెట్టించుకోండి అంటాను. పొలం గట్టున కట్టె, ఇంట్లో బెండ్లు, లేచి రాజేసే మగవాడు ఉన్న పాత ఇంటికి మాత్రం ఇది సరిపోతుంది.

శనివారం సాయంత్రం గొట్టం గీకి మసి తీస్తాము. బూడిద కొంత అంట్లు తోమటానికి, మిగిలినది వంకాయ మొక్కల మొదట్లోకి. ఆదివారం తెల్లవారక ముందే మా అమ్మ కట్టె పట్టుకుని పెరట్లోకి వచ్చి ముక్కు కింద వేలు పెట్టి చూస్తుంది. "ఇంకా కాగలే. ఇంకో నాలుగు బెండ్లెయ్యి బిడ్డా" అంటుంది. వేస్తాను.